ప్రయోగం ప్రజల ముందు నిలుస్తుందా? లోస్ లోబోస్ 'కీకో లైవ్' చెప్పే పాఠం

ప్రయోగాలు చేసే కళాకారుడు ప్రజలకు దూరమవుతాడా? వస్తువు, రూపం అనే చర్చ వచ్చిన ప్రతిసారీ సాహిత్య సభల్లో ఈ ప్రశ్న లేస్తూనే ఉంటుంది. దూరమవుతాడని కొందరు, ప్రయోగం లేనిదే కళ లేదని కొందరు సూత్రాలు చెప్పి ఊరుకుంటారు. సూత్రాలతో తేలే విషయం కాదిది. ఒక నిర్దిష్టమైన కృతిని తీసుకుని, అది పుట్టిన నేల ఏమిటో, దాన్ని ఎవరి ముందు నిలబెట్టారో చూస్తే తప్ప తేలదు. అందుకు నేనిక్కడ సంగీతం నుంచి ఒక ఉదాహరణ తీసుకుంటున్నాను.

లోస్ లోబోస్ అంటే స్పానిష్ భాషలో తోడేళ్లు. అమెరికాలో తూర్పు లాస్ ఏంజెలెస్ మెక్సికన్ శ్రామికుల పేటల నుంచి 1973లో బయల్దేరిన బృందం ఇది. 1992లో వీళ్లు 'కీకో' అనే ఆల్బమ్ తెచ్చారు. అందులో పదహారు పాటలున్నాయి. వాళ్ల ఆల్బమ్‌లలో చాలా సాహసం చేసినదిగా దానికి పేరు. పద్నాలుగేళ్ల తర్వాత, 2006 ఫిబ్రవరి 24న, సాన్ డియెగోలోని హౌస్ ఆఫ్ బ్లూస్ అనే కచేరీ హాల్లో ఆ పదహారు పాటలనూ అదే వరసలో జనం ముందు పాడారు. ఆ కచేరీ రికార్డింగు 2012లో, అసలు ఆల్బమ్‌కు ఇరవై ఏళ్లు నిండిన సందర్భంగా, 'కీకో లైవ్' పేరుతో వెలువడింది. స్టూడియో నాలుగు గోడల మధ్య తయారైన ప్రయోగం జనం ముందు నిలబడుతుందా లేదా అని పరిశీలించడానికి ఇది అనువైన ఉదాహరణ.

సంగీత వ్యాపారులు ఈ బృందాన్ని 'టెక్స్-మెక్స్' అనే అరలో పెడతారు. ఆ మాటను ముందుగా విప్పి చూడాలి. టెక్సస్‌ను అమెరికా 1845లో తనలో కలుపుకుంది. ఆ తర్వాత జరిగిన యుద్ధం 1848 ఒప్పందంతో ముగిసేనాటికి మెక్సికో దాదాపు సగం భూభాగాన్ని కోల్పోయింది. ఆ నేల మీద తరతరాలుగా ఉంటున్న స్పానిష్ భాషీయులు ఇల్లు కదలకుండానే పరాయి దేశపు ప్రజలైపోయారు. అదే శతాబ్దంలో జర్మన్, చెక్ వలసదారులు టెక్సస్‌కు అకార్డియన్‌ను, పోల్కా నాట్యపు దరువును వెంటబెట్టుకొచ్చారు. అకార్డియన్ మన హార్మోనియానికి దగ్గరి చుట్టం. తిత్తి నుంచి గాలి వచ్చి రెల్లు పలికే వాద్యం. సరిహద్దు ప్రాంతపు మెక్సికన్ కూలీలు దాన్ని అందుకుని, తమ పన్నెండు తీగల బాహో సెక్స్తోను జత చేశారు. 1930లలో నార్సిసో మార్తీనెజ్ అనే అకార్డియన్ కళాకారుడు ఎడమచేతి మంద్రస్వరాలను దాదాపు వదిలేసి, ఆ పనిని పక్కన బాహో సెక్స్తో వాయించే శాంటియాగో అల్మేదాకు అప్పగించాడు. ఈ పని విభజన నుంచే కొంహుంతో అనే బాణీ స్థిరపడింది. ఇవాళ దాన్ని అందరూ సంప్రదాయం అంటున్నారు. కాని అది పుట్టిన రోజున ప్రయోగమే.

సాహిత్య విద్యార్థులు మరో విషయం కూడా గమనించాలి. ఇదే సరిహద్దు మీద కొరీదో అనే కథాగేయం పెరిగింది. 1901లో ఒక షెరీఫ్‌ను కాల్చి, వెంటాడిన పోలీసు బలగాలను రోజుల తరబడి తప్పించుకు తిరిగిన గ్రెగోరియో కోర్తెజ్ అనే మెక్సికన్ రైతు మీద కట్టిన కొరీదోను అమెరికో పరేదెస్ అనే పండితుడు పరిశోధించి 1958లో పుస్తకం వేశాడు. పత్రికలూ కోర్టులూ ఒకవైపు నుంచి చెప్పిన చరిత్రను పాట రెండోవైపు నుంచి ఎలా భద్రపరిచిందో ఆ గ్రంథం చూపించింది.

లోస్ లోబోస్ టెక్సస్ వాళ్లు కారు. డేవిడ్ హిడాల్గో, లూయీ పెరెజ్ తూర్పు లాస్ ఏంజెలెస్‌లోని గార్ఫీల్డ్ హైస్కూల్లో కలిశారు. సెసార్ రోసాస్, కాన్‌రాడ్ లొజానో తోడయ్యారు. 1968 మార్చిలో విద్యలో వివక్షకు వ్యతిరేకంగా మెక్సికన్ విద్యార్థులు తరగతులు బహిష్కరించిన బడుల్లో గార్ఫీల్డ్ ఒకటి. 1970 ఆగస్టు 29న వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా అదే ప్రాంతంలో జరిగిన పెద్ద ప్రదర్శన మీద పోలీసులు విరుచుకుపడ్డారు. పాత్రికేయుడు రూబెన్ సలజార్ ఆ రోజే పోలీసు ప్రయోగించిన బాష్పవాయు గుండు తగిలి చనిపోయాడు. ఈ వాతావరణంలో పెరిగిన యువకులు అప్పటిదాకా ఎలక్ట్రిక్ గిటార్లతో రాక్ సంగీతం వాయిస్తూ ఉండేవాళ్లు. 1973లో వాటిని పక్కనపెట్టి, తమ తల్లిదండ్రులు విన్న రికార్డులను ముందేసుకుని, ఆ వాద్యాలను, ఆ బాణీలను కొత్తగా నేర్చుకున్నారు. ఏళ్ల తరబడి పెళ్లిళ్లలో, హోటళ్లలో వాయించారు. వ్యవసాయ కార్మికుల సంఘానికి నిధుల కోసం 1976లో వచ్చిన 'సీ సె ప్వెదే' అనే ఆల్బమ్‌లో పాలుపంచుకున్నారు. ఆ మాటకు 'సాధించగలం' అని అర్థం. అది ఆ సంఘపు నినాదం.

అయితే మూలాలకు వెళ్లినంత మాత్రాన సమస్య తీరదు. 1980లో లాస్ ఏంజెలెస్‌లో ఒక పంక్ కచేరీకి ముందు ఈ బృందం జానపద వాద్యాలతో వేదికెక్కితే, శ్రోతలు కేకలు వేసి, చేతికందినవన్నీ విసిరి దించేశారు. పేటలోని పెళ్లివారికి ఆప్తులైన వాళ్లు, ఆ పేట దాటగానే పరాయివాళ్లయ్యారు. ఆ దెబ్బతో వాళ్లు పేటలోకి ముడుచుకోలేదు, పేటను వదులుకోనూ లేదు. అకార్డియన్ పక్కనే ఎలక్ట్రిక్ గిటార్‌ను మళ్లీ నిలబెట్టారు. 1984లో శాక్సోఫోన్ వాయించే స్టీవ్ బెర్లిన్ చేరాడు.

తర్వాత వచ్చిన పరీక్ష ఇంకా కఠినమైనది. అది విజయం. 'లా బాంబా' మెక్సికోలోని వెరాక్రూజ్ ప్రాంతపు జానపద గీతం. స్పానిష్ సరిగా రాని మెక్సికన్ సంతతి కుర్రవాడు రిచీ వాలెన్స్ 1958లో దాన్ని రాక్ బాణీలో పాడి, మరుసటి సంవత్సరం ఫిబ్రవరి 3న పదిహేడేళ్ల వయసులో విమాన ప్రమాదంలో చనిపోయాడు. అతని జీవితం మీద 1987లో సినిమా తీసిన లూయీస్ వాల్దెజ్, 1965లో సమ్మెలో ఉన్న వ్యవసాయ కూలీలతో నాటక దళం కట్టినవాడు. ఆ సినిమా కోసం లోస్ లోబోస్ పాడిన 'లా బాంబా' అమెరికాలో అమ్మకాల్లో మొదటి స్థానానికి చేరింది. మార్కెట్‌కు ఒక్క విజయం దొరికితే అచ్చం అలాంటివే ఇంకో పది కావాలంటుంది. వాళ్లు 1988లో ఇచ్చింది మాత్రం 'లా పిస్తోలా ఇ ఎల్ కొరసోన్' అనే చిన్న ఆల్బమ్; అంతా స్పానిష్‌లోనే, అంతా జానపద బాణీల్లోనే. ఆ తర్వాత నాలుగేళ్లకు 'కీకో' వచ్చింది.

'కీకో'లో ఏముంది? చెల్లాచెదురైన బతుకులున్నాయి. వీధుల్లో పడుకునేవాళ్లు, ప్రాణం తీసుకున్న ఇద్దరు ఆడపిల్లలు, గాజు పలక వెనక నుంచి ఇంటిని చూస్తూ ఉండే పునీతుడి పటం, రాత్రివేళ మేలుకునే కీకో ఉన్నారు. ఈ వస్తువుకు వాళ్లు ఎంచుకున్న రూపం కల. నిర్మాత మిచెల్ ఫ్రూమ్, ధ్వనిముద్రకుడు చాడ్ బ్లేక్ తోడుగా పాతకాలపు కీబోర్డులను, కావాలని బొంగురు పట్టించిన ధ్వనులను, దూరం నుంచి వినిపించే చప్పుళ్లను పేర్చారు. అకార్డియన్, శాక్సోఫోన్ ఒకదాన్నొకటి పట్టుకుని తూలుతూ నడుస్తాయి. ఇది జానపదమా, రాక్ సంగీతమా అంటే చెప్పలేం.

ఇలాంటి చోటనే మన విమర్శకుడికి అనుమానం వస్తుంది: పేదల బతుకు చెప్పడానికి ఇంత శిల్పం దేనికి? సూటిగా చెప్పకూడదా? నా జవాబు ఇది. ఆ పేటలో దేవుడి పటం, చనిపోయినవాళ్ల జ్ఞాపకం, ఆకలి, పోలీసు సైరన్ ఒకే గదిలో ఉంటాయి. వాటిని వేరువేరు అధ్యాయాలుగా విడగొట్టి చెబితే నివేదిక అవుతుంది, అనుభవం కాదు. అన్నీ కలగలిసిన ఆ అనుభవమే కలలాంటి రూపాన్ని అడిగింది. రూపం బయటి నుంచి అద్దెకు తెచ్చుకున్నది కాదు. ప్రయోగంలో రెండు రకాలున్నాయని చెప్పేది ఇందుకే: వస్తువు ఒత్తిడికి పుట్టేది ఒకటి, వస్తువు లేక పుట్టేది రెండోది.

ఇక వేదిక విషయం. స్టూడియోలో పేర్చిన పొరలన్నిటినీ కచేరీకి తీసుకుపోవడం కుదరదు. అక్కడ ఉన్నవి చేతులు, గొంతులు, కొన్ని వాద్యాలు మాత్రమే. 'కీకో లైవ్' వింటున్నప్పుడు నాకు ముందుగా తెలిసేది ఈ లోటే. పొగమంచులా కమ్ముకున్న ధ్వని పలచబడింది. గిటార్లు మొరటుగా ముందుకొచ్చాయి. శిల్పమే సర్వస్వమైన కృతి అయితే ఇక్కడ కుప్పకూలాలి. అలా కాలేదు. అలంకారం రాలిపోయాక లోపలి ఎముకల గూడు బయటపడింది. అది బ్లూస్, పోల్కా, వెరాక్రూజ్ దరువులతో కట్టినది. పెళ్లి పందిళ్లలో గంటల తరబడి వాయించి సంపాదించిన పట్టు అది. 1973 నుంచి చేసిన ఆ సాధన లేకపోతే 1992 నాటి సాహసం 2006లో నిలబడేది కాదని నేననుకుంటాను.

పాట మారకపోయినా దాని అర్థం మారుతుందనడానికి కూడా ఈ కచేరీ సాక్ష్యం. 'వేక్ అప్ డొలొరెస్' అనే పాటలో, అలసి ఆగిపోతున్న మనిషిని లేపి ముందుకు నడిపించే గొంతు ఒకటుంది. 1992లో దాన్ని ఎవరి ప్రయాణంగానైనా వినవచ్చు. కాని 1994లో అమెరికా ప్రభుత్వం సాన్ డియెగో దగ్గర సరిహద్దును బిగించింది. దాంతో వలసకూలీలు తూర్పున ఉన్న కొండలకూ ఎడారులకూ మళ్లారు. ఎండకూ దాహానికీ ఎందరో బలయ్యారు. 2005 డిసెంబర్ 16న, అనుమతి పత్రాలు లేకుండా దేశంలో ఉండటాన్నే ఘోర నేరంగా మార్చే బిల్లును ప్రతినిధుల సభ ఆమోదించింది. దానికి వ్యతిరేకంగా 2006 మార్చి 25న లాస్ ఏంజెలెస్ వీధుల్లోకి లక్షలాది జనం వచ్చారు. మే 1న దేశమంతటా పనులు మానుకుని ప్రదర్శనలు చేశారు. ఆ బిల్లు చట్టం కాలేదు. కచేరీ జరిగిన ఫిబ్రవరి 24, ఆ ఆమోదానికీ ఆ ప్రదర్శనలకూ మధ్య పడింది. జరిగిన చోటు సరిహద్దుకు గంట ప్రయాణం కూడా లేదు. ఒక్క అక్షరం మార్చకుండా పాడిన ఆ పాట ఇప్పుడు నాకు ఎడారి నడకగానే వినిపిస్తుంది. రాసినప్పటికంటే పాడినప్పుడు దాని అర్థం పెద్దదైంది. ఆ పెద్ద అర్థాన్ని ఇచ్చింది కవి కాదు, కాలం.

అయితే ఈ ఆల్బమ్‌ను ప్రజల తీర్పుగా ప్రకటించడం తొందరపాటు. ఆ హాల్లోకి వచ్చినవాళ్లు టికెట్టు కొనగలిగినవాళ్లు; పైగా పద్నాలుగేళ్లుగా పేరున్న ఆల్బమ్‌ను ప్రేమతో వినడానికి వచ్చినవాళ్లు. 1980లో వస్తువులు విసిరిన శ్రోతలు గాని, 1973లో పెళ్లిలో నాట్యం చేసిన అత్తయ్యలు గాని ఆ హాల్లోని శ్రోతల వంటివాళ్లు కారు. పాత విజయాన్ని మళ్లీ అమ్ముకునే వ్యాపార పద్ధతి కూడా ఇందులో ఉంది. ఆల్బమ్ మొత్తాన్ని వరసగా వాయించే కచేరీలు రాక్ ప్రపంచంలో ఒక ఆనవాయితీ అయిపోయాయి. ఈ పరిమితులను గుర్తించాక కూడా మిగిలేది తక్కువేమీ కాదు.

మిగిలేది ఏమిటంటే, ప్రయోగానికీ ప్రజలకూ మధ్య పుట్టుకతో వైరం లేదు. మొదట అడగవలసిన ప్రశ్న 'ఇది అర్థమవుతుందా' అన్నది కాదు. ఈ కొత్తదనం ఎవరి జీవితపు ఒత్తిడికి పుట్టింది? అలంకారం తీసేస్తే కింద ఏ జనజీవనపు లయ మిగులుతుంది? కాలం మారినప్పుడు కొత్త అర్థాన్ని మోయగల బలం అందులో ఉందా? 'కీకో లైవ్' ఈ మూడింటికీ సమాధానం చెప్పగలిగింది. మన కవితనో కథనో కాగితం మీద పూర్తయిందనుకున్నాక ఒకసారి నలుగురి ముందు నిలబడి, ఏ ఉపన్యాసమూ వివరణా జోడించకుండా చదివితే, అది వీటికి ఏం సమాధానం చెబుతుందో మనకూ తెలుస్తుంది.