స్టీరింగ్ గేరును నేలకు దించే ముందు..

పాత అంబాసిడర్ యజమానులు గమనించవలసిన సంగతులు

నెల్లూరు: తీరప్రాంత రహదారులపై బాడుగ అంబాసిడర్లు విరివిగా తిరిగిన కాలంలో, గేరు ఇరుక్కుని కారు నడిరోడ్డుపై నిలిచిపోవడం ప్రయాణికులకు కొత్త విషయం కాదు. డ్రైవరు దిగి, బానెట్ ఎత్తి, స్టీరింగ్ గొట్టం అడుగున ఉన్న ఇనుప లింకులను స్పానరుతో రెండు మూడు సార్లు తట్టి, మళ్లీ వచ్చి కూర్చునేవాడు. లోపలి వారికి అదొక వినోదం. అదే ఇబ్బంది రైల్వే గేటు పట్టాల నడుమ ఎదురైతే మాత్రం వినోదం కాదు. మొదటి గేరు పడిందనుకుని క్లచ్ వదిలితే, పడినది రివర్సు కావడంతో కారు వెనుకనున్న మనిషి మీదికి పోయే ప్రమాదమూ ఉంది.

పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా కర్మాగారంలో 2014 మే నెలలో అంబాసిడర్ ఉత్పత్తి నిలిచిపోయింది. మిగిలిన కార్లను అపురూపంగా కాపాడుకుంటున్న వారు మెకానిక్కు వద్దకు తెచ్చే కోరికలలో ఒకటి, స్టీరింగ్ పక్కనున్న గేరు రాడ్డును తీసి రెండు సీట్ల నడుమ నేలపై అమర్చమనడం. కోరిక సబబైనదే. అయితే రోగం ఎక్కడున్నదో చూడకుండా కారు నేలను కోయడం తొందరపాటు అవుతుంది. తీరంలో తిరిగే కార్ల విషయంలో ఈ మాట మరింత నిజం.

ముందు సీటు కోసమే ఆ ఏర్పాటు

బ్రిటన్‌కు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారు ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ 1957లో అంబాసిడర్‌ను తెచ్చింది. గేరు రాడ్డును స్టీరింగ్ గొట్టానికి అమర్చడం ఆనాటి విదేశీ కార్లలో ఫ్యాషన్. నేల ఖాళీగా ఉంటే ముందు కూడా ఒకే పొడవాటి సీటు వేయవచ్చు, ముగ్గురు కూర్చోవచ్చు. ప్రీమియర్ పద్మినిలోనూ అదే పద్ధతి. మన ఊళ్లలో ఆ ముందు సీటులో ఎందరిని సర్దేవారో పాతతరం వారికి చెప్పనవసరం లేదు.

1983 డిసెంబరులో మారుతి 800 రావడంతో గాలి మారింది. దానికి గేరు నేలపైనే ఉండేది. ఆ తరువాత డ్రైవింగ్ నేర్చినవారికి స్టీరింగ్ గేరు చేతికి అలవడలేదు. హిందుస్థాన్ మోటార్స్ కూడా 1990వ దశకంలో ఇసుజు ఇంజనుతో తెచ్చిన అంబాసిడర్‌కు నేల గేరే పెట్టింది. కంపెనీయే చేసిన మార్పును తాము చేస్తే తప్పేమిటన్నది యజమానుల వాదన. కంపెనీ మార్చినది ఒక్క రాడ్డును కాదు. ఇంజను, అయిదు గేర్ల బాక్సు, సీటు అన్నింటినీ కలిపి మార్చింది. వాదనలో మరుగున పడే సంగతి ఇదే.

రెండు పనులు, అనేక కీళ్లు

స్టీరింగ్ గేరు రాడ్డు చేసే పనులు రెండు. డ్రైవరు దానిని తనవైపు లాగినా, అవతలికి నెట్టినా ఏ జత గేర్లు కావాలో ఎంపిక జరుగుతుంది. పైకెత్తినా, కిందికి దించినా ఆ జతలో ఒక గేరు కలుస్తుంది. ఈ రెండు కదలికలూ గొట్టం వెంబడి దిగి, అడుగున ఉన్న లింకు రాడ్ల ద్వారా గేరు బాక్సును చేరాలి. దారిలో ప్రతి మలుపు వద్దా ఒక పిన్ను, ఒక బుష్షు ఉంటాయి. ఒక్కో కీలులో అర మిల్లీమీటరు వదులు ఏర్పడినా, ఆరు కీళ్లు కలిస్తే మూడు మిల్లీమీటర్లు. చేతిలోని రాడ్డు పూర్తిగా కదిలినా బాక్సు వద్ద కదలిక సగంలో ఆగిపోతుంది. గేరు ఇరుక్కోవడానికి అదే మూలం. గేరు బాక్సు లోపల పళ్ల చక్రాలు నిక్షేపంగా ఉండి కూడా కారు కదలకపోవచ్చు.

సముద్రపు గాలి ఈ కీళ్లకు పగ పట్టినట్లే పనిచేస్తుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను పీల్చుకుని ద్రవంగా మారుతుంది. పగలు పొడిగా కనిపించిన ఉప్పు పొర రాత్రి మళ్లీ తడుస్తుందన్న మాట. మైపాడు, కృష్ణపట్నం, తుమ్మలపెంట వైపు రొయ్యల గుంటల గట్లపై రాత్రంతా నిలిపిన కారుకు వాన పడకపోయినా తుప్పు పడుతుంది. పిన్నుకు, బుష్షుకు నడుమనున్న సన్నని సందులో చేరిన ఉప్పునీరు ఆరదు. గ్రీజు లేని చోట పిన్ను ముందు గరుకుబారుతుంది, తరువాత అరుగుతుంది. కొన్ని కార్లలో ఇందుకు విరుద్ధంగా కీలు బిగుసుకుపోతుంది. అప్పుడు డ్రైవరు బలంగా లాగడంతో లింకు రాడ్డే వంగిపోతుంది.

పావుగంట పరీక్ష

కాబట్టి ముందుగా చేయవలసినది పరీక్ష. ఇంజను ఆపి, చక్రాలకు అడ్డు పెట్టి, ఒకరు లోపల కూర్చుని రాడ్డును నెమ్మదిగా కదపాలి. మరొకరు బానెట్ కింద గొట్టం అడుగు భాగాన్ని, ఆపై గేరు బాక్సు పక్కనున్న లింకులను చూడాలి. రాడ్డు కదిలిన కాసేపటికి గాని లింకు కదలకపోతే లోపం బుష్షులది. లింకు పూర్తిగా కదిలినా గేరు పడకపోతే లోపం బాక్సులో ఉండవచ్చు. లింకు రాడ్డును విడదీసి, బాక్సు పక్కనున్న చేతిని నేరుగా కదిపి చూస్తే అనుమానం తీరుతుంది. ఇంజను ఆపినప్పుడు తేలికగా పడే గేరు, ఇంజను నడుస్తుండగా కరకరలాడితే క్లచ్ పూర్తిగా విడవడం లేదని అర్థం. క్లచ్ లోపానికి గేరు రాడ్డును నేలకు దించితే డబ్బు దండగ, కరకర యథాతథం.

బుష్షులు, పిన్నులు మార్చి, వంగిన రాడ్లను సరిచేసి, పొడవు సర్దుబాటు చేసి గ్రీజు పెడితే పెక్కు కార్లలో స్టీరింగ్ గేరు మళ్లీ దారికి వస్తుంది. కంపెనీ బుష్షు దొరకనిచోట లేతు మిషనుపై ఇత్తడితో చేయించుకోవచ్చు. ఇది ఖర్చు తక్కువ పని కనుకనో ఏమో, దీనిని సిఫారసు చేసే వారు తక్కువ.

మార్చక తప్పనప్పుడు

పాత బాక్సు అరిగిపోయి, సామాను దొరకని సందర్భంలో మార్పునకు అర్థం ఉంది. అందుకు రెండు దారులు. మొదటిది, నేల గేరుతోనే తయారైన బాక్సును మొత్తంగా అమర్చడం. అది ఇంజనుకు సరిగా అతకాలి. క్లచ్ ప్లేటు పళ్లు బాక్సు షాఫ్టుకు కుదరాలి. బాక్సు పొడవు మారితే ప్రొపెల్లర్ షాఫ్టు పొడవును మార్చి, తిరిగి బ్యాలెన్సు చేయించాలి. లేకుంటే వేగం పెరిగిన కొద్దీ కారు వణుకుతుంది. వెనుక ఊత దిమ్మె, స్పీడోమీటరు కేబులు కూడా చూసుకోవాలి. ఖర్చు ఎక్కువైనా ఇదే నమ్మదగిన దారి.

రెండవది, పాత బాక్సునే ఉంచి, నేలపై కొత్త రాడ్డు నిలిపి, ఇనుప పట్టీలతో బాక్సు లింకులకు కలపడం. చవక పనిగా కనిపించినా ఇందులోనే చిక్కు ఉంది. ఇంజను, బాక్సు రబ్బరు దిమ్మెలపై కూర్చుని ఊగుతుంటాయి. కొత్త రాడ్డును కారు నేలకు బిగిస్తే అది ఊగదు. ఈ తేడా వల్ల గతుకులలోనో, ఎత్తు ఎక్కేటప్పుడో గేరు దానంతటదే ఊడిపోవచ్చు. రాడ్డు ఆధారాన్ని బాక్సుకే బిగిస్తే రెండూ కలిసి కదులుతాయి. నేలలో రంధ్రం కొంత పెద్దదిగా ఉంచి, రబ్బరు తొడుగు వేయాలి. రివర్సు పొరపాటున పడకుండా అడ్డు కూడా ఉండాలి. అది లేని రాడ్డును ఒప్పుకోరాదు.

అమెరికాలో పికప్ ట్రక్కుల స్టీరింగ్ గేరును నడుమకు మార్చుకోవడం సులువుగా జరుగుతున్నదని కొందరు ఉదాహరణ చూపుతారు. ఆ ట్రక్కులు ఆటోమేటిక్‌వి. రాడ్డు లాగేది సాధారణంగా ఒక్క కేబులునే. అయినా పార్కు, న్యూట్రల్ స్థానాలలో తప్ప ఇంజను స్టార్టు కానివ్వని స్విచ్చును అక్కడివారు మళ్లీ సరిచూసుకోక తప్పదు. రెండు కదలికలు అవసరమైన మన అంబాసిడర్‌కు ఆ పోలిక పనికిరాదు.

చట్టం మాటేమిటి?

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షను ప్రకారం, తయారీదారు పేర్కొన్న వివరాలకు రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు భిన్నంగా ఉండేలా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమాన్ని గట్టిగా పునరుద్ఘాటించింది. అదే సంవత్సరం చేసిన సవరణతో చేరిన 182-ఎ సెక్షను, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు గాని, ఒక్కో మార్పునకు రూ.5 వేల జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చని చెబుతున్నది. గేరు రాడ్డు ఉండే చోటు రిజిస్ట్రేషన్ పత్రంలో రాయరు. సీట్ల సంఖ్య, ఖాళీ బండి బరువు మాత్రం రాస్తారు. రాడ్డుకు చోటివ్వడానికి పొడవాటి సీటు తీసి రెండు విడి సీట్లు వేసినా, ఇంజను మార్చినా వ్యవహారం పత్రం దాకా పోతుంది. పసుపు నంబరు పలక ఉన్న పాత బాడుగ కారు ఏటా ఫిట్‌నెస్ పరీక్షకు వెళ్లవలసిందే. పని మొదలుపెట్టక ముందే రవాణా కార్యాలయంలో అడిగి, సమాధానాన్ని రాతపూర్వకంగా తీసుకోవడం, బీమా సంస్థకు తెలియజేయడం మంచిది.

కోసిన చోట జాగ్రత్త

లారీకి ఛాసిస్ విడిగా ఉంటుంది. అంబాసిడర్‌కు అలా కాదు. బాడీయే బరువు మోస్తుంది. నడుమ ఎత్తుగా ఉన్న భాగం ప్రొపెల్లర్ షాఫ్టుకు దారి మాత్రమే కాదు, కారుకు వెన్నెముక వంటిది కూడా. అక్కడ గ్యాసుతో ఇష్టం వచ్చినట్లు కోస్తే రేకు వేడికి వంకర తిరుగుతుంది. అవసరమైనంత మేరకే రంపంతో కోసి, రంధ్రం చుట్టూ మందపాటి రేకు పట్టీ అతికించాలి. కోసిన అంచును నునుపు చేసి, రెడ్ ఆక్సైడ్ పూసి, రంగు వేసి, కింది నుంచి అండర్‌కోటింగు చేయించాలి. ఒక్క అంచు పచ్చిగా మిగిలినా ఉప్పుగాలి అక్కడి నుంచే తినడం మొదలుపెడుతుంది. పైన తివాచీ ఉంటుంది కనుక బయటికి కనిపించదు. రబ్బరు తొడుగు చిరిగితే రోడ్డుపై నిలిచిన నీరు నేరుగా లోపలికి చిమ్ముతుంది. జిల్లాకు ప్రధాన వర్షాలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కాబట్టి, తివాచీ ఎత్తి ఆ అంచులను, తొడుగును ఏటా సెప్టెంబరులోనే ఒకసారి చూసుకోవాలి.