ఆగిపోయిన భరణం - బిడ్డల హక్కును రాబట్టే మార్గం



దివ్య ఖుర్ఆన్‌లోని బఖరా సూరా 233వ ఆయత్ పాలిచ్చే తల్లి అన్నవస్త్రాల భారాన్ని బిడ్డ తండ్రిపై ఉంచింది. తలాఖ్‌తో భార్యాభర్తల బంధం తెగిపోవచ్చు గాని, తండ్రీబిడ్డల బంధం తెగదు. కనుక బిడ్డల నఫఖా తండ్రి దయాదాక్షిణ్యం కాదు, అతను తీర్చవలసిన రుణం. పండుగకు ఒక జత బట్టలు పంపి బాధ్యత తీరిందనుకునే వారిని మనం చూస్తూనే ఉన్నాం.

భర్త చాలినంత ఇవ్వడం లేదని హజ్రత్ హింద్ (రజి) విన్నవించుకున్నప్పుడు దైవప్రవక్త (స) ఆమెను మందలించలేదు. తనకూ పిల్లలకూ సరిపడినంత ధర్మసమ్మతంగా తీసుకోవడానికి అనుమతించారు. అలాంటప్పుడు భరణం కోసం కోర్టు మెట్లెక్కిన సోదరిని వేలెత్తి చూపడం మనకు తగునా?

మన దేశంలో ఈ హక్కు ఇదివరకు క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్‌లో ఉండేది. 2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్‌లో ఉంది. ముస్లిం తల్లిదండ్రుల పిల్లలకూ ఇది వర్తిస్తుందని నూర్ సబా ఖాతూన్ కేసులో సుప్రీంకోర్టు 1997లోనే తీర్పు చెప్పింది.

ఉత్తర్వు చేతికి వచ్చినా డబ్బు చేతికి రాకపోతే, బకాయి వసూలు కోసం ఫ్యామిలీ కోర్టులో, అది లేనిచోట మేజిస్ట్రేట్ కోర్టులో దరఖాస్తు చేయాలి. తండ్రి మరో ఊరికి మకాం మార్చితే అక్కడి కోర్టు ద్వారానూ ఉత్తర్వును అమలు చేయించవచ్చు. జరిమానా వసూలు చేసే పద్ధతిలోనే కోర్టు వారంటు జారీ చేస్తుంది. దాని ప్రకారం చరాస్తిని జప్తు చేస్తారు, లేదా కలెక్టర్ ద్వారా భూమిశిస్తు బకాయి మాదిరిగా రాబడతారు. అప్పటికీ మొత్తం తీరకుంటే, ఒక్కొక్క నెల బకాయికి ఒక నెల వరకు జైలుశిక్ష పడవచ్చు. జైలుకు వెళ్తే బాకీ మాఫీ అవుతుందన్నది ఉత్త భ్రమ. శిక్ష అనుభవించినా బాకీ బాకీగానే ఉంటుందని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఒక్క గడువు మాత్రం మరువరాదు. భరణం చెల్లించవలసిన తేదీ నుండి ఏడాదిలోపు ఈ వారంటుకు దరఖాస్తు చేయాలి. "ఈ నెల కాకుంటే పై నెల ఇస్తాడులే" అని ఓర్చుకున్న తల్లులు ఇక్కడే నష్టపోతున్నారు.

నిజంగానే రాబడి పడిపోయిన తండ్రి సంగతి వేరు. స్తోమతను బట్టే ఖర్చు చేయమంటుంది తలాఖ్ సూరా. అటువంటివాడు మొత్తం తగ్గించమని కోర్టునే కోరాలి గాని మాటా పలుకూ లేకుండా మానేయరాదు.

లాయరు ఫీజుకు వెరవనక్కరలేదు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం లభిస్తుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థను సంప్రదించాలి, లేదా 15100కు ఫోన్ చేయాలి. వెళ్లేటప్పుడు కోర్టు ఉత్తర్వు నకలు, బ్యాంకు పాసుపుస్తకం, ఏయే నెలలు డబ్బు రాలేదో రాసిన కాగితం వెంట ఉంచుకోవాలి. ఆ కాగితం రాయడం రాని సోదరికి మన మస్జిద్ కమిటీలోని చదువుకున్న యువకులు రాసిపెట్టవచ్చు.