స్కానింగులో ఏమీ లేదన్నారు!

మానసిక వైద్యుడి గది బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ల చేతుల్లో తరచూ ఒక పెద్ద కవరు కనిపిస్తుంది. అందులో ఎమ్మారై ఫిల్ములు, వాటితోపాటు నాలుగు వరుసల రిపోర్టు. ఆ నాలుగు వరుసల సారాంశం చాలాసార్లు ఒకే మాట: నార్మల్. ఇంట్లోవాళ్లకి అది ఊరట కాదు. ‘‘స్కానింగులో ఏమీ లేదన్నారు డాక్టరుగారూ, మరి మావాడు నెల్లాళ్లుగా గదిలోంచి బయటికి ఎందుకు రావడం లేదు?’’ అని అడుగుతారు. కొందరు ఇంకో అడుగు ముందుకేసి, ఏమీ లేదని తేలాక ఇదంతా వేషమేనని తీర్మానిస్తారు. ఆ తీర్మానం రోగం కంటే ఎక్కువ హాని చేస్తుంది.

మెదడును ముక్కముక్కగా చూపించే యంత్రానికి మనసు బాధ ఎందుకు కనిపించదు? అడగాల్సిన ప్రశ్నే. అసలా యంత్రాలు ఏం చూడడానికి పుట్టాయో తెలిస్తేగానీ దీనికి జవాబు దొరకదు.

గాలి ఎక్కించి తీసిన ఫొటో

1895లో రాంట్‌జన్ కనిపెట్టిన ఎక్స్‌రేకి పుర్రె కనిపించేది, లోపలి మెదడు కనిపించేది కాదు. 1918లో అమెరికన్ సర్జన్ వాల్టర్ డాండీ మెదడు మధ్యలో నీటితో నిండి ఉండే గదుల్లోకి గాలి పంపి ఎక్స్‌రే తీశాడు. మరుసటి ఏడాది వెన్నులోంచి గాలి ఎక్కించే పద్ధతి కూడా తెచ్చాడు. రోగికి తల పగిలిపోయే నొప్పి, వాంతులు. ఇంతా చేస్తే కణితి నేరుగా కనిపించదు. గాలి నిండిన గది ఒక పక్కకి ఒరిగితే, రెండో పక్క ఏదో తోస్తోందని ఊహించాలి. 1927లో పోర్చుగల్ వైద్యుడు ఎగాస్ మొనీజ్ ఎక్స్‌రేలో కనపడే ద్రవాన్ని మెడ ధమనిలోకి ఎక్కించి మెదడు రక్తనాళాలను చూపించాడు. మానసిక రోగుల మెదడు ముందుభాగంలోని తంతువులను తెగ్గొట్టే ఆపరేషన్ మొదలుపెట్టి, 1949లో నోబెల్ అందుకున్నదీ ఈయనే. నరాల జబ్బును చూసే దారి వేసిన మనిషి, మనోవ్యాధి దగ్గరికి వచ్చేసరికి ఏమీ చూడకుండానే కత్తి పట్టాడు.

1971 అక్టోబరు 1న లండన్‌లోని వింబుల్డన్‌లో, అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో, ఒక మహిళ తల చుట్టూ కొత్త యంత్రం, సీటీ స్కానర్, తిరిగింది. ఆమె మెదడు ముందుభాగంలో కణితి ఉందేమోనని అనుమానం. యంత్రం తయారుచేసిన గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ వైద్యుడు కాడు, ఈఎమ్ఐ కంపెనీ ఇంజినీరు. మన ఇళ్లలో ఘంటసాలను వినిపించిన హెచ్‌ఎంవీ రికార్డులదీ ఆ కంపెనీ కుటుంబమే. (బీటిల్స్ పాటల డబ్బుతోనే స్కానర్ పుట్టిందని ఒక కథ చెబుతారు. వినడానికి బాగుంటుంది గానీ, బ్రిటిష్ ఆరోగ్యశాఖ పెట్టిన సొమ్ముకు అందులో చోటే ఉండదు.) ప్రయోగశాలలో ఆయన తొలి నమూనాకి ఒక్క బొమ్మకు కావలసిన కొలతలు తీయడానికే 9 రోజులు పట్టింది. వింబుల్డన్‌లో వచ్చింది అడ్డంగా 80, నిలువుగా 80 గళ్ల ముతక బొమ్మ. అయినా కణితి కనిపించింది. సర్జన్ పుర్రె తెరిచి చూస్తే బొమ్మలో ఉన్నట్టే ఉంది.

మెదడులో ఏదైనా ఒకచోట కూర్చుని ఉంటే, స్కానింగును మించిన సాక్షి లేదు. పక్షవాతం సంగతే చూడండి. మూతి వంకరపోయి, చెయ్యి పడిపోయిన మనిషిని పైనుంచి ఎంత పరీక్షించినా రక్తనాళం పూడుకుపోయిందో, చిట్లిందో నమ్మకంగా చెప్పలేరు. పూడుకుపోతే గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపు పడాలి. చిట్లిన మనిషికి అదే ఇంజెక్షన్ ప్రాణాంతకం. ఈ తేడాను సీటీ నిమిషాల్లో తేలుస్తుంది.

ఉంగరం ఒకటే, అర్థాలు రెండు

అయితే కళ్లెదుట కనబడేదాన్ని కూడా తప్పుగా చదవొచ్చు. ఇందుకు మన దేశంలోనే గొప్ప ఉదాహరణ ఉంది.

1980లలో సీటీ యంత్రాలు మన నగరాల్లో విస్తరిస్తున్న కాలం. ఫిట్స్ వచ్చాయని తీసుకొచ్చిన కుర్రవాళ్ల మెదడు బొమ్మల్లో చిన్న ఉంగరం లాంటి మచ్చ, చుట్టూ వాపు కనిపించసాగాయి. టీబీ ఎక్కువగా ఉన్న దేశం కాబట్టి చాలామంది వైద్యులు దాన్ని టీబీ గడ్డగానే చదివారు. నెలల తరబడి టీబీ మందులు వాడించారు. కొన్నాళ్లాగి మళ్లీ స్కాన్ తీస్తే ఉంగరం మాయం! మందు పనిచేసింది, అంటే రోగం టీబీయే. ఇంతకంటే రుజువేం కావాలి?

చిక్కల్లా ఏమిటంటే, టీబీ మందులు వాడనివాళ్లలో కూడా ఆ ఉంగరం మాయమయ్యేది.

వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో న్యూరోసర్జన్లు మాథ్యూ చాందీ, వేదాంతం రాజశేఖర్, వారి సహచరులు ఈ చిక్కు విప్పడానికి పూనుకున్నారు. కొందరు రోగుల్లో ఆ మచ్చను ఆపరేషన్ చేసి తీసి మైక్రోస్కోపు కింద పెట్టారు. ఎక్కువ మందిలో బయటపడింది టీబీ కాదు, పందుల ద్వారా వచ్చే బద్దెపురుగు పిల్లదశ. ఆ పురుగు గుడ్లు మలం కలిసిన నీళ్లతోనో, సరిగా కడగని కూరగాయలతోనో కడుపులో చేరతాయి. అందుకే మాంసం ముట్టనివాళ్లకీ వస్తుంది. మెదడులో చేరిన పురుగు చచ్చిపోతున్నప్పుడు చుట్టూ వాపు వస్తుంది, ఫిట్స్ వస్తాయి. ఆ తర్వాత శరీరమే దాన్ని సర్దేసుకుంటుంది. ఈ బృందం పరిశోధనలు 1991లోనూ, 1993లోనూ వెలువడ్డాయి. మచ్చ ఒక్కటే ఉండి, 20 మిల్లీమీటర్లకు మించకుండా, మెదడును పక్కకి తోయకుండా ఉంటే, రోగికి తలలో ఒత్తిడి పెరిగిన లక్షణాలుగానీ, రోజురోజుకూ పెరిగే బలహీనతగానీ లేకపోతే అది పురుగు మచ్చేనని నమ్మొచ్చని వాళ్లు తేల్చారు. అలాంటి రోగికి ఫిట్స్ మందు ఇచ్చి, వేచి చూసి, మళ్లీ స్కాన్ తీస్తే సరిపోతుంది. పుర్రె తెరవనక్కర్లేదు, టీబీ మాత్రలు మింగనక్కర్లేదు.

సీటీ యంత్రం మారలేదు, ఉంగరమూ మారలేదు. మంచం పక్కన చేసిన పరీక్షతో కలిపి చదివేసరికి దాని అర్థం మారింది.

మతిమరుపు జబ్బులోనూ ఇలాంటి మెలికే ఉంది. అలోయిస్ ఆల్జైమర్ 1906లో వివరించిన మచ్చలు మనిషి పోయాక మెదడు కోసి చూస్తేనే కనిపించేవి. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో విలియం క్లంక్, చెస్టర్ మాథిస్ ఆ మచ్చలకు రంగు పట్టించే రసాయనాన్నే మార్చి, రక్తంలోకి ఎక్కించి పెట్ స్కానులో చూడగలిగేలా చేశారు. 2002లో స్వీడన్‌లోని ఉప్సలాలో మొదటిసారి బతికున్న రోగిలో ఆ మచ్చలు వెలిగాయి. కానీ జ్ఞాపకశక్తి చక్కగా ఉన్న పెద్దవాళ్లలో కూడా అవి వెలుగుతాయి. అనేక అధ్యయనాలను కలిపి 2015లో లెక్కగడితే, మతి బాగానే ఉన్న 90 ఏళ్లవాళ్లలో 44 శాతం మందిలో ఆ మచ్చలున్నాయని తేలింది. తాతగారు మనవరాలి పుట్టినరోజు తేదీ తడుముకోకుండా చెబుతుంటే, ఆయన స్కానును పట్టుకుని రోగం పేరు పెట్టడం వైద్యం కాదు.

సగటు మనిషి ఓపీకి రాడు

ఇక మనోవ్యాధులు. 1976లో లండన్ నార్త్‌విక్ పార్క్ ఆసుపత్రిలో ఈవ్ జాన్‌స్టన్, టిమ్ క్రో బృందం దీర్ఘకాలంగా స్కిజోఫ్రీనియాతో ఉన్నవాళ్లకు సీటీ తీసి, మెదడు మధ్య నీటిగదులు మామూలు వాళ్లకంటే పెద్దగా ఉన్నాయని చూపించింది. అప్పటికింకా ఈ జబ్బుకు తల్లి పెంపకమే కారణమనే సిద్ధాంతం బతికే ఉంది. నింద మోస్తున్న తల్లులకు ఆ ముతక బొమ్మలు చేసిన మేలు తక్కువేం కాదు. మనోవ్యాధి విషయంలో స్కానింగు సాధించిన అతిపెద్ద విజయం నా దృష్టిలో ఇదే.

కానీ ఆ తేడా గుంపుకీ గుంపుకీ మధ్య ఉన్న తేడా. నూజివీడు తోటలో కాయలు ఉలవపాడు తోట కాయల కంటే సగటున కాస్త బరువెక్కువ అనుకుందాం. బుట్టలోంచి ఒక కాయ తీసి, తూచి, ఏ తోటదో చెప్పమంటే ఎవరు చెప్పగలరు? పెద్ద నీటిగదులతో నిక్షేపంగా ఉన్నవాళ్లున్నారు, మామూలు గదులతో భ్రమల్లో బతుకుతున్నవాళ్లున్నారు. ఓపీకి వచ్చేది సగటు కాదు, ఒక మనిషి.

పత్రికల్లో కనిపించే ఎర్రటి, పసుపుపచ్చటి మెదడు బొమ్మల కథ వేరు. 1990లో జపాన్ శాస్త్రవేత్త సీజీ ఒగావా చూపించిన కిటుకు మీద అవి ఆధారపడ్డాయి. ఆక్సిజన్ ఉన్న రక్తానికీ, లేని రక్తానికీ అయస్కాంత గుణంలో తేడా ఉంటుంది, దాన్ని ఎమ్మారై పట్టగలదు. అంటే అక్కడ కనిపించేది ఆలోచన కాదు, ఆలోచన వెనకాల కొన్ని సెకన్లకు వచ్చే రక్తం. ఆ రంగులూ కెమెరా పట్టినవి కావు, గణాంకాల లెక్క తేల్చాక వేసినవి. లెక్కలో జాగ్రత్త లేకపోతే ఏమవుతుందో 2009లో క్రెయిగ్ బెనెట్ బృందం ఒక చచ్చిన సాల్మన్ చేపతో చూపించింది. చేపను స్కానరులో పెట్టి, మనుషుల ఫొటోలు చూపించి, వాళ్ల మనసులో ఏముందో చెప్పమన్నారు. చేప మెదడులో ఎర్రచుక్క వెలిగింది! ఇది నవ్వులాట అనుకుంటే, 2020లో ఒకే సమాచారాన్ని 70 పరిశోధక బృందాలకిచ్చి విశ్లేషించమన్నారు. ఏ రెండు బృందాలూ ఒకే దారిలో వెళ్లలేదు, చాలా ప్రశ్నలకు జవాబులూ కలవలేదు.

యంత్రాన్ని సూటిగా అడిగితే మాత్రం ఆశ్చర్యపరుస్తుంది. 2006లో మెదడు శాస్త్రవేత్త ఏడ్రియన్ ఓవెన్, కారు ప్రమాదం తర్వాత స్పృహ లేదనుకున్న 23 ఏళ్ల యువతిని స్కానరులో పడుకోబెట్టి, టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకోమన్నాడు. ఆరోగ్యవంతులు అలా ఊహించినప్పుడు మెదడులో ఏ భాగం చురుగ్గా ఉంటుందో, ఆమెలోనూ అదే భాగం స్పందించింది. ఆమె వింటోంది. ‘వింటున్నావా?’ అన్న ప్రశ్నకు ‘అవును’ అనే జవాబుంది. ‘ఎందుకింత దిగులు?’ అన్నదానికి అలాంటి జవాబు లేదు.

అందుకే మానసిక వైద్యులు స్కానింగు రాసేది ఎక్కువగా వేరే జబ్బు దాక్కుందేమో చూడడానికి. యాభై దాటాక మొదటిసారి ప్రవర్తన మారినా, తోడుగా ఫిట్స్, తడబడే నడక, తగ్గని తలనొప్పి ఉన్నా, తలకి దెబ్బ తగిలినా అడగాల్సిందే. కణితి కొన్నిసార్లు దిగులు రూపంలోనే మొదలవుతుంది. అలాంటి సూచనలేవీ లేకుండా తొలిసారి మతిభ్రమ వచ్చిన ప్రతి ఒక్కరికీ స్కానింగు అక్కర్లేదని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ 2008లోనే చెప్పింది. మాట్లాడించి, నిద్ర గురించి, ఇంటి గురించి అడిగి మందు రాసిన వైద్యుణ్ని ‘స్కానింగు కూడా తీయించలేదు’ అని తీసిపారేసేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

మెదడు నిర్మాణానికీ, మనిషి తీరుకీ ఉన్న సన్నని సంబంధాలు పట్టుకోవాలంటే వందల మంది చాలరు, వేలమంది కావాలని 2022లో అమెరికాలో జరిగిన భారీ విశ్లేషణ తేల్చింది. మన దేశంలో అలాంటి ప్రయత్నం బెంగళూరు నిమ్‌హాన్స్ కేంద్రంగా, బ్రిటన్‌తో కలిసి జరిగింది. దాని పేరు సీవేదా. ఆరేళ్ల నుంచి 23 ఏళ్ల వరకూ 10,000 మందిని పరిశీలించాలని, వాళ్లలో 1,000 మందికి మెదడు స్కాన్లు తీయాలని పెట్టుకున్నారు. ఇంఫాల్, కోల్‌కతా, చండీగఢ్, మైసూరుతోపాటు మన మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ చుట్టుపక్కల పల్లెల పిల్లలూ అందులో ఉన్నారు. ఆ పిల్లల మెదడు బొమ్మలను విడిగా కాకుండా, వాళ్ల ఇంటి ఆర్థిక పరిస్థితితో, చిన్నప్పటి కష్టాలతో, పీల్చే గాలితో, తాగే నీళ్లతో కలిపి చదవాలన్నది దాని పద్ధతి.