ఇల్లాలి కుడిచేతికి ఖరీదెంత?

ఫోను మీద వేలు నొక్కితే గుమ్మంలోకి టాక్సీ వచ్చే రోజులివి. ఎక్కేముందు ఛార్జీ ఎంతో చూస్తాం, మహా అయితే బండి నంబరు సరిచూసుకుంటాం. ఆ బండికి ప్రమాదం జరిగి మన కాలో చెయ్యో విరిగితే ఎవర్ని అడగాలో మాత్రం ఆలోచించం. అపశకునం మాటలెందుకని కాబోలు! నాకు మాత్రం ఆ ఆలోచన తప్పలేదు.

2023 ఆగస్టులో విజయవాడ స్టేషను నుంచి ఇంటికి వస్తూంటే, బెంజి సర్కిల్ దాటాక నేనెక్కిన టాక్సీ ఆగివున్న లారీని వెనకనుంచి గుద్దుకుంది. డ్రైవరు ఫోను చూసుకుంటున్నాడు. నా కుడిచెయ్యి మణికట్టు దగ్గర రెండుచోట్ల విరిగింది. ఆపరేషను చేసి లోపల ప్లేటు వేశారు. ఆరు వారాలు కట్టు, ఆపైన నెలల తరబడి వ్యాయామాలు. వైద్యానికే లక్షా ఎనభైనాలుగు వేలయింది.

టాక్సీ కంపెనీకి ఫోను చేస్తే, "మేము మధ్యవర్తులం మాత్రమేనండీ" అన్నారు. డ్రైవరు "బండి నాది కాదమ్మా" అన్నాడు. యజమాని "ఇన్స్యూరెన్సు వుందిగా" అన్నాడు. ఇన్స్యూరెన్సువారు "కోర్టు చెబితే చూస్తాం" అన్నారు. చేప గడ్డిమోపును చూపించినట్టూ, గడ్డిమోపు ఆవును చూపించినట్టూ అయింది మా పని.

మా వీధిలోని ప్లీడరుగారు విని నవ్వారు. "అమ్మా, ఈ కథలో చీమపుట్ట ఎక్కడుందో చట్టం ముందే చెప్పింది. ఇన్స్యూరెన్సు పాలసీలో వుంది. నేరుగా అక్కడే వేలు పెట్టాలి" అన్నారు.

సంగతేమిటంటే, 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం రోడ్డెక్కే ప్రతి బండికీ ఇతరులకు కలిగే నష్టానికి ఇన్స్యూరెన్సు వుండి తీరాలి. దెబ్బతిన్నవారు 166వ సెక్షను కింద ప్రమాదాల ట్రిబ్యునల్లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. ప్రమాదం జరిగిన చోటనే పెట్టాలని లేదు, మనం కాపురమున్న ఊళ్ళోనూ పెట్టవచ్చు. డ్రైవరునూ, యజమానినీ, ఇన్స్యూరెన్సు కంపెనీనీ ప్రతివాదులుగా చూపాలి. మా ప్లీడరుగారు టాక్సీ కంపెనీని కూడా చేర్చారు. డ్రైవరు లైసెన్సులో లోపమున్నా, ముందు బాధితులకు చెల్లించి తరవాత యజమాని దగ్గర రాబట్టుకోమని ఇన్స్యూరెన్సు కంపెనీని ట్రిబ్యునలు ఆదేశించవచ్చు. 2004లో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది.

గడువు మాట మరిచిపోకూడదు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల లోపల దరఖాస్తు పెట్టాలి. దాని మీద సుప్రీంకోర్టు దాకా వివాదం నడిచింది. అయినా ఆ వివాదాన్ని నమ్ముకుని కూర్చోవటం కంటే ఆరు నెలల లోపల పని చక్కబెట్టుకోవటమే క్షేమం. మేము ఆ డిసెంబరులోనే వేశాం.

కాగితాల విషయంలో మావారి చాదస్తం అక్కరకొచ్చింది. పోలీసుల ఎఫ్.ఐ.ఆర్. నకలు, ఆసుపత్రివారిచ్చిన గాయాల సర్టిఫికెట్టు, డిశ్చార్జి కాగితం, ఎక్స్‌రేలు, మందుల బిల్లులు, ఆసుపత్రికి వెళ్ళివచ్చిన ఆటో లెక్కలు అన్నీ ఒక ఫైలులో పెట్టారు. ఆ రోజు ఫోనులోకి వచ్చిన టాక్సీ రసీదు కూడా అచ్చు తీయించారు. నేను ఆ బండిలోనే వున్నానని రుజువు చేసింది ఆ రసీదే.

ఇంతవరకూ బాగానే వుంది. అసలు చిక్కు తరవాత వచ్చింది.

ఇన్స్యూరెన్సువారు రాజీకి పిలిచి రెండు లక్షలిస్తామన్నారు. అంటే వైద్యం ఖర్చు పోను పదహారు వేలు! మావారు "కోర్టుల చుట్టూ ఎక్కడ తిరుగుతాం, ఇచ్చింది పుచ్చుకుందాం" అన్నారు. నేను ఆ పదహారు వేల లెక్క ఏమిటని అడిగాను. అవతలి వకీలుగారు ఎంతో మర్యాదగానే జవాబిచ్చారు.

"మీరు ఉద్యోగం చేస్తున్నారా అమ్మా?"

"లేదండీ. ఇంటిపని."

"మరి చెయ్యి విరగటం వల్ల మీకు పోయిన ఆదాయమేమీ లేదు కదా!"

ఇరవైరెండేళ్ళ కాపురం ఆ ఒక్కమాటతో సున్నా అయిపోయింది. ఇంటికొచ్చి మావారితో చెప్పాను, "ఆ సున్నా మీద నేను సంతకం పెట్టను" అని. ఆయన మరి మాట్లాడలేదు.

నా చెయ్యి పనిచెయ్యని నాలుగు నెలలూ ఇల్లెలా నడిచిందో ఎడమచేత్తో ఒక నోటుపుస్తకంలో రాసుకుంటూ వచ్చాను. వంటమ్మగారి జీతం, అంట్లకూ బట్టలకూ మనిషి, మంచం మీదున్న మా అత్తగారికి సాయానికి మరో మనిషి, అబ్బాయికి ట్యూషను. అదివరకు ఈ పనులన్నిటికీ నేనొక్కతెనే. ఆ పుస్తకం ట్రిబ్యునల్లో దాఖలు చేశాం. వంటమ్మగారు కూడా బోనెక్కి, తనకు ఎంత ముట్టిందో తడుముకోకుండా చెప్పింది.

ఇల్లాలి పనికి వెల కట్టడం కొత్త సంగతి కాదట. 2010లోనూ, మళ్ళీ 2021లోనూ సుప్రీంకోర్టు ఆ మాటే చెప్పింది. జీతం లేనంతమాత్రాన ఇల్లాలి శ్రమకు విలువ లేదనకూడదు, ఒక ఊహా ఆదాయం కట్టి పరిహారం ఇవ్వాలి అని. ఇక అంగవైకల్యం ఎంతో డాక్టరు చెబుతాడు గాని, దానివల్ల మన పనికి ఎంత నష్టమో ట్రిబ్యునలు విడిగా చూడాలి. ఇది 2010 నాటి తీర్పు. డాక్టరు నా చేతికి నూటికి ముప్ఫై అన్నాడు. నా పనికి నష్టం పదిహేను అని ట్రిబ్యునలు లెక్కకట్టింది.

లెక్క ఇదీ: ఆదాయం నెలకు 10,000 చొప్పున ఏడాదికి 1,20,000. నా వయసు 44 గనక 2009 నాటి పట్టిక ప్రకారం 14తో గుణించాలి. 16,80,000 అయింది. అందులో నూటికి 15 అంటే 2,52,000. దానికి వైద్యం 1,84,000, మనుషుల జీతాలూ ఆటో ఖర్చులూ 45,000, నొప్పికీ బాధకూ 75,000 కలిపి మొత్తం 5,56,000. దరఖాస్తు వేసిన నాటినుంచి వడ్డీ అదనం. 2025 జూన్‌లో తీర్పు వచ్చింది. అప్పీలుకున్న తొంభై రోజుల గడువులో వాళ్ళు హైకోర్టుకు వెళ్ళలేదు. డబ్బు చేతికందింది.

తోటి సోదరీమణులకు మరి రెండు మూడు మాటలు. రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు, లక్షన్నర మించకుండా నగదు అడగకుండా వైద్యం చేసే పథకాన్ని కేంద్రం 2025 మేలో ప్రకటించింది. చేర్చేటప్పుడే ఆసుపత్రివారిని అడగండి. గుద్దిన బండి జాడ తెలియకపోయినా తీవ్రమైన గాయానికి 50,000, ప్రాణనష్టానికి రెండు లక్షలు ఇచ్చే పథకం వుంది. ప్లీడరు ఫీజుకు జంకనక్కరలేదు. ఆడవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా సహాయం చేస్తుంది. లోక్ అదాలత్‌లో రాజీ త్వరగా తేలుతుంది గాని, ఆ తీర్పు మీద అప్పీలు లేదు. అంచేత మీ లెక్క మీరు కట్టుకుని మరీ వెళ్ళండి. అంకె వెయ్యని కాగితం మీద మాత్రం ఎవరడిగినా సంతకం పెట్టకండి.

నా మణికట్టు ఇప్పటికీ పూర్తిగా తిరగదు. ఈ ఏడు ఆవకాయ మావారే కలిపారు, ఉప్పు కాస్త ఎక్కువేశారు. తీర్పు కాగితంలో "వృత్తి: గృహిణి" అన్నదాని పక్కన నెలకు పదివేలని చదివి వినిపిస్తే మా అత్తగారు మంచం మీదనుంచే "అంతేనా?" అన్నారు. ఆవిడ అరవయ్యేళ్ళు చేసిన చాకిరీకి లెక్క కట్టే పుస్తకం ఎవరూ రాయలేదు మరి. మీ ఇంట్లో ఎవరికైనా ఇటువంటి ఆపద వస్తే, భగవంతుడు రానీయకుండుగాక, ఆ పుస్తకం మొదటి రోజునే మొదలుపెట్టండి.