చర్మ క్యాన్సర్: ఫోన్ యాప్‌కి మన అరికాలు తెలుసా?

పుట్టుమచ్చ ఫొటో తీస్తే క్యాన్సరో కాదో చెప్పేస్తామనే యాప్‌లు వచ్చాయి కదా. నేను సాఫ్ట్‌వేర్ వాణ్ని, అందుకే ముందు డేటా ఎక్కడిదని అడుగుతాను.

2017లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు దాదాపు 1,29,000 ఫొటోలతో ఒక ప్రోగ్రామ్‌కి ట్రైనింగ్ ఇస్తే, అది చర్మం డాక్టర్లతో సమానంగా గుర్తుపట్టింది. హడావుడి అక్కడ మొదలైంది. కానీ ఫొటోలు ఎవరివి? ఈ రంగంలో చాలామంది వాడే హామ్10000 డేటాసెట్‌లో 10,015 ఫొటోలుంటే, అవి ఆస్ట్రియా, ఆస్ట్రేలియాల్లో సేకరించినవి. అంటే ఎక్కువగా తెల్ల చర్మాలే. 2022లో నల్లని చర్మం ఫొటోలు కూడా కలిపి పరీక్షిస్తే ఇలాంటి ప్రోగ్రామ్‌లు తడబడ్డాయి.

ఇంకో చిక్కు. తెల్లవాళ్లకి మెలనోమా ఎక్కువగా ఎండ తగిలే చోట వస్తుంది. మనకి అది అరుదు, కానీ వస్తే చాలాసార్లు అరికాల్లో, అరచేతిలో, గోరు కింద. బాబ్ మార్లేకి కాలి బొటనవేలి గోరు కింద వచ్చింది. ఫుట్‌బాల్ దెబ్బ అనుకున్నారు. 1977లో బయటపడింది, 1981లో చనిపోయాడు, 36 ఏళ్లకే.

ఎక్కడ వెతకాలో ఊరిని బట్టి మారుతుందని మన జిల్లాకి వేరే చెప్పాలా? మన మామ్మలు కాల్చే అడ్డపొగ ఉంది కదా, చుట్ట నిప్పు నోట్లోకి పెట్టి. దానివల్ల క్యాన్సర్ అంగిట్లో వస్తుంది. 1971లో అచ్చయిన అధ్యయనం కోసం ఇక్కడ 10,169 మంది నోళ్లు చూశారు.

ఇప్పుడు పలాస సంగతి. జీడిపిక్కలు కొట్టే అమ్మల చేతులు జీడి అంటుకుని నల్లబడతాయి. అది క్యాన్సర్ కాదు, కంగారు వద్దు. భయపడాల్సింది వేరే: అరికాల్లో పెరుగుతున్న నల్లమచ్చ, ఒక్క గోరుకే వచ్చి రోజురోజుకీ వెడల్పవుతున్న నల్లగీత, ఎన్నాళ్లయినా మానని పుండు, పాత కాలిన మచ్చ మీద మళ్లీ పుండు. ఆనెకాయ అనుకుని బ్లేడుతో కోసేస్తారు, లేదా జీడినూనె రాసి కాలుస్తారు. దయచేసి ఆ పని చెయ్యకండి. మచ్చ రూపం మారిపోతుంది, డాక్టరు కూడా పోల్చలేరు.

తేల్చేది ముక్క పరీక్షే. డాక్టర్లు డెర్మోస్కోప్ అనే భూతద్దంతో చూసి, అనుమానముంటే ముక్క తీస్తారు. పలుచగా ఉన్నప్పుడే దొరికితే చాలామందికి ఆపరేషన్‌తో సరిపోతుంది. లోపలికి పాకితే ఇమ్యునోథెరపీ ఉంది, మన ఒంట్లోని రక్షణ కణాలకు పడ్డ బ్రేకులు తీసే మందు. ఆ బ్రేకుల్ని కనిపెట్టినందుకే ఆలిసన్, హోంజోలకి 2018 నోబెల్. అయితే అరికాలి రకం మీద ఈ మందు మిగతావాటిమీద పనిచేసినంతగా పనిచెయ్యదు, ఖర్చూ ఎక్కువ. అందుకే ముందే దొరకాలంటున్నా.

టెక్కలి, పలాస వాళ్లు ముందు శ్రీకాకుళం ప్రభుత్వాసుపత్రిలో చర్మ విభాగానికి వెళ్లండి. క్యాన్సర్ అని తేలితే విశాఖ అగనంపూడిలో టాటా వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఇవాళ రాత్రి కాళ్లు కడుక్కున్నాక, ఇంట్లో మామ్మ అరికాళ్లు కూడా ఒకసారి లైటు పెట్టి చూడండి. ఆవిడకి వంగి చూసుకోవడం కుదరదు కదా.