కానరాని పొగకు లెక్క

మూసాపేటకు చేరువనున్న కూకట్‌పల్లిలో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయము కలదు. అచట పంకాలు తిరుగును, దీపములు వెలుగును, పొగ కానరాదు. ఏలన, మన కరెంటులో పెద్దపాలు రామగుండము, కొత్తగూడెము వంటి తావులందు బొగ్గు మండించి తీయుదురు. భూమిని వేడెక్కించు బొగ్గుపులుసు వాయువు అచటనే వెలువడును.

కావున విద్యాలయపు లెక్కను మీటరుతో మొదలిడవలెను. మన దేశమున యూనిటుకు సుమారు 0.7 కిలోల వాయువు. వేయి యూనిట్లకు 700 కిలోలు. జనరేటరులో లీటరు డీజిలు మండిన సుమారు 2.7 కిలోలు, డీజిలులోని కర్బనము గాలిలోని ప్రాణవాయువును కూడుటచే అంత బరువగును.

డీజిలును మాత్రమే లెక్కించి కరెంటును విడుచుట, మన చెత్తను పొరుగువారి వాకిట పోసి యిల్లు శుభ్రమనుట వంటిదని నా మనవి. మీ యూరి బడి బిల్లులతోను ఈ లెక్క కట్టి చూడుడు.