పొట్టికాళ్ల కోడి: గుడ్డులోని లెక్క

పుంగనూరు ఆవును చూచి మురిసిన చిత్తూరు, తిరుపతి ప్రాంతముల వారికి పొట్టి జంతువుల అందమును గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు. ముచ్చట కొరకు పెంచు కోళ్లలో అటువంటిది బాంటమ్ కోడి. జావా ద్వీపములోని బాంటమ్ అను రేవు పేరే దీనికి వచ్చినది. క్రమముగా ఆ పేరు లోకములోని చిన్న కోళ్లన్నిటికి చెల్లినది. వీటిలో జపాను వారి ‘చాబో’ మిక్కిలి సొగసైనది. కడుపు నేలను తాకునా అన్నంత పొట్టి కాళ్లు, నిటారుగా నిలిచిన తోక. పుంజు బరువు ముప్పాతిక కిలోకు మించుట అరుదు.

దీనికి జాగా కొంచెము చాలును, మేతయు తక్కువే. బాంటమ్ పెట్టలకు పొదుగుటయన్న మక్కువ ఎక్కువ. ఇతర కోళ్ల గుడ్లను పెట్టినను శ్రద్ధతో 21 రోజులు కూర్చుండును. కాని ఆ వేళ ప్రోలాక్టిన్ అను హార్మోను పెరిగి గుడ్లు పెట్టుట ఆగిపోవును. పైగా గుడ్డు 30 గ్రాములకు అటూ ఇటూ మాత్రమే తూగును. గుడ్లకు, మాంసమునకు కోడి కావలసినవారికి శ్రీకాళహస్తి పేరుతో జాతీయ జాబితాకెక్కిన ‘కాళస్తి’ నాటుకోడి ఉండనే ఉన్నది.

పొట్టి కాళ్ల వలన చిక్కులు కలవు. అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఇక్కడ కురియు ఈశాన్య ఋతుపవనపు వానలలో దొడ్డి బురదయైనచో, చాబో రొమ్ము ఈకలు తడిసి ముద్దయగును. దానికి పొడి నేల, ఎత్తైన గూడు కావలెను. కొక్కెర తెగులుకు టీకా ఏ కోడికైనను తప్పదు.

అసలు చిక్కు గుడ్డులో ఉన్నది. పొట్టికాళ్ల పుంజును పొట్టికాళ్ల పెట్టతో జతపరచినచో, ఎంత బాగుగా పొదిగినను కొన్ని గుడ్లు పిల్లలు కావు. యజమాని పెట్టను తిట్టును, లేదా ఎండను నిందించును. పాపము, తప్పు రెండింటిదీ కాదు! పొట్టికాళ్ల కోడి ప్రతిదానిలోను ఒక పొట్టి జన్యువు, ఒక మామూలు జన్యువు ఉండును. ఫలించిన గుడ్లు పన్నెండనుకొందము. సగటున ఆరు పొట్టికాళ్లవి, మూడు మామూలు కాళ్లవి అగును. మిగిలిన మూటికి తల్లి నుండి, తండ్రి నుండి పొట్టి జన్యువే సంక్రమించును. ఆ పిండములలో చాలవరకు నాలుగవ రోజు ప్రాంతముననే మరణించును. ఇటువంటి ‘క్రీపర్’ కోళ్లను అమెరికాలో లాండవర్, డన్ అను శాస్త్రజ్ఞులు పరిశీలించి 1930లో వివరములు ప్రకటించిరి. ఎముకల పెరుగుదలను నడుపు ‘ఇండియన్ హెడ్జ్‌హాగ్’ అను జన్యువు లోపించుటయే దీనికి కారణమని 2016లో చైనా శాస్త్రజ్ఞులు తమ దేశపు పొట్టికాళ్ల కోళ్లలో కనుగొనిరి. ఒక ప్రతి లోపించిన కాళ్లు కురుచ, రెండును లోపించిన ప్రాణమే పోవును.

అందము లేదని పలువురు ఏరివేయు మామూలు కాళ్ల చాబోయే ఇందుకు విరుగుడు. దానిని పొట్టికాళ్ల దానితో జతపరచినచో పిల్లలలో సగము పొట్టివి, సగము మామూలువి అగును. ఈ జన్యువు వలన చచ్చు పిండమొక్కటియు ఉండదు. ఫలించిన గుడ్ల లెక్కన పొట్టి పిల్లల పాలు రెండు విధముల జతలలోను సగమే గదా! అట్టి ఎడ ఉన్న గుడ్లలో పాతిక వంతును పోగొట్టుకొనుట ఎందులకు?

పాఠశాలలో దీనిని చూపుట సులభము. ఏడవ రోజున చీకటి గదిలో గుడ్డు వెనుక టార్చి వెలిగించినచో, ఫలించని గుడ్డు తేటగా కనిపించును. పిండము పెరుగుచున్న గుడ్డులో సాలెగూటి వలె రక్తనాళములు కనిపించును. పిండము ముందే మరణించిన దానిలో ఎఱ్ఱని వలయము మాత్రమే మిగులును. ఒక్క పొదుగులోనే లెక్క సరిగా మూడు రావలెనని విద్యార్థులు పట్టుబట్టరాదు; నాలుగైదు పొదుగులను కలిపి లెక్కించవలెను.